చెడిన భాగమే దోషియా?

ఒక వస్తువు పాడైనప్పుడు మనము మొదట అడుగు ప్రశ్న, "ఏది చెడినది?" అనునది. చెడినదానిని కనుగొని, తీసివేసి, దాని స్థానమున క్రొత్తది పెట్టినయెడల పని తీరిపోయినదనుకొందుము. నాగటి కర్రు అరిగిన కర్రు మార్చుదుము. బండి ఇరుసు విరిగిన ఇరుసు మార్చుదుము. మనుష్యుల విషయములోను మన అలవాటు ఇదియే. సంఘములో ఒకడు త్రాగుడుకు లోబడెను. ఒక కుటుంబము ఆరాధనకు వచ్చుట మానివేసెను. ఒకని చేతిలో కానుకల లెక్క తప్పెను. "వాడు చెడిపోయినాడు" అని పేరు పెట్టి, పట్టీలోనుండి కొట్టివేసి, ఊరకుందుము. అయితే చెడిన భాగమే దోషియా? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు మోటారు ఇంజను విప్పు మేస్త్రీ యొద్దకు వెళ్లుట మేలని నాకు తోచుచున్నది. ఇది కొందరికి వింతగా నుండవచ్చును; కొంచెము ఓపికతో వినవలెనని కోరుచున్నాను.

మనలో ఎరుగనివారు లేని అంబాసిడరు కారునే తీసికొందము. కలకత్తా దగ్గర ఉత్తరపారలో 1950ల చివర మొదలుకొని 2014 వరకు హిందుస్థాన్ మోటార్సు వారు దానిని తయారు చేసిరి. టాక్సీగాను, పెండ్లిబండిగాను, ఆసుపత్రికి రోగిని మోసికొనిపోవు బండిగాను అది మన పల్లెలకు చేసిన సేవ తక్కువది కాదు. దానిలో బహుకాలము వాడబడిన పెట్రోలు ఇంజను 1489 ఘనపు సెంటీమీటర్లది. సిలిండర్లు నాలుగు, ఒక్కొక్కటి సుమారు 73 మిల్లీమీటర్ల వెడల్పుగల గుండ్రని గొట్టము. దానిలో పిస్టను సుమారు 89 మిల్లీమీటర్ల దూరము క్రిందికి మీదికి ఆడుచుండును. క్రాంకుషాఫ్టు నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ప్రతి పిస్టను సెకనుకు 50 మారులు పైకొసకు వచ్చి, నిలిచి, వెనుకకు మరలవలెను. ఇంత ఉరవడిలో ఇనుము ఇనుమును తినకుండ కాపాడునది వాటి నడుమనున్న పలుచని నూనెపొర. అది తెగినచోట నాశనము మొదలగును.

జబ్బు కొంతవరకు బయటనే తెలియును. గొట్టమునుండి నీలిపొగ వచ్చినయెడల నూనె కాలుచున్నది. నల్లపొగయైనయెడల పెట్రోలు మితిమీరి పోవుచున్నది. ఇంజను బాగుగా వేడెక్కిన తరువాతకూడ తెల్లని పొగ ఆగనియెడల నీరు లోపలికి దిగుచున్నదని అనుమానింపవలెను. నూనెపోయు మూత తీసి చూచినప్పుడు దాని అడుగున మీగడవంటి తెట్టె కనబడినచో నూనెలో నీరు కలిసినదని చెప్పుదురు. కాని చలికాలములో కొద్దిదూరమే నడుచు బండిలో, ఏ జబ్బును లేకున్నను, ఆవిరి చల్లారి అటువంటి తెట్టె కట్టును. ఒక్క గుర్తును చూచి తీర్పు చెప్పు మేస్త్రీ చేతిలో మంచి ఇంజనుకూడ పాడగును.

కాబట్టి అతడు కొలుచును. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములో ఒత్తిడి కొలుచు గేజి పెట్టి, ఇంజనును త్రిప్పించును. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లు బాగుండి మూడవది తగ్గినదనుకొనుడి. ఆ మూడవదానిలో ఒక చెంచా నూనె పోసి మరల కొలుచును. ఒత్తిడి పెరిగినయెడల రింగులో గోడయో అరిగినవి, నూనె ఆ సందును తాత్కాలికముగా కప్పినది. పెరగనియెడల వాల్వులు సరిగా మూతపడుట లేదని తలంచును. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లలో కలిసి తగ్గినచో వాటి మధ్య హెడ్డు గ్యాస్కెట్టు పోయియుండవచ్చును. ఇంతసేపును అతడు ఇంజను విప్పలేదు. ఒక చెంచా నూనెతో అడిగిన ప్రశ్న, సుత్తితో అడిగిన పది ప్రశ్నలకంటె ఎక్కువ చెప్పినది.

విప్పవలసివచ్చినప్పుడు మంచి మేస్త్రీని చెడ్డ మేస్త్రీని వేరుచేయునది బలము కాదు, గుర్తులు పెట్టుట. ఏ కనెక్టింగు రాడ్డు ఏ సిలిండరుది, దాని టోపీ ఏది, ఏ వాల్వు ఎక్కడనుండి వచ్చినది, ఏ బేరింగు చిప్ప పైది, ఏది క్రిందిది అనునవి వరుస తప్పకుండ ఉంచవలెను. పాత బేరింగులు ఎట్లును పారవేయవలసినవే గదా అని వాటిని ఒక డబ్బాలో కలిపి వేసినవాడు సాక్షుల నోరు మూసివేసినవాడు. ఆ తరువాత అతడు ఏమి చెప్పినను ఊహయే.

సిలిండరు పైభాగమున గోటితో గీచినయెడల ఒక గట్టు తగులును. పై రింగు అంతకు మించి పైకి పోదు గనుక గట్టుకు మీదనున్న ఇనుము అరగక నిలిచినది. దానికి సరిగా క్రిందనున్నదే అందరికంటె ఎక్కువ అరిగినది. గొట్టము అడుగున అరుగుదల స్వల్పము. అంతయు ఒకే పోతలో పోసిన ఒకే ఇనుము. పైభాగము అరుగుటకు హేతువు దాని గుణము కాదు, దాని చోటు. మంట అక్కడ మండును, పేలుడు ఒత్తిడి రింగును గోడకు అదుమును, నూనె అతి స్వల్పముగా చేరును, పిస్టను నిలిచి మరలునదియు అక్కడనే. అడుగుననున్న ఇనుము పైనున్న ఇనుమును చూచి, "నేను నిన్నువలె అరగలేదు" అని అతిశయించినయెడల మనమేమందుము? మన ఊళ్లలో బోరుకు వచ్చిన ఇంజను అని చులకనగా అందురు గాని, అది ఎన్ని లక్షల మారులు ఆ మంటయొద్ద నిలిచి తిరిగినదో ఎవరును లెక్కింపరు.

పగుళ్ల సంగతి వేరు. అవి కంటికి కనబడవు, కొలతకు దొరకవు. పూర్వము రైల్వే కార్ఖానాలలో వాడిన ఒక ఉపాయము నాకు మిక్కిలి ఇష్టము. ఇనుమును కిరసనాయిలుతోనో పలుచని నూనెతోనో తడిపి, కొంతసేపు ఉంచి, పైనంతయు పొడిగా తుడిచివేసి, సుద్దపిండి పూయుదురు. పైకి అంతయు తెల్లగా, శుభ్రముగా నుండును. కొంతసేపటికి పగులులో దాగిన నూనె మెల్లగా పైకి ఊరి, తెల్లని సుద్దమీద సన్నని చార గీయును. ఇప్పుడు రంగునీళ్లతోను అయస్కాంతముతోను చేయు పరీక్షలు వచ్చినవి గాని మూలము అదే. క్రాంకుషాఫ్టును వ్రేలాడదీసి చిన్న సుత్తితో తట్టి చూచుటకూడ కలదు. బాగున్నది గంటవలె మ్రోగును. పగిలినది మొద్దుగా పలుకును. సంతలో కుండ కొను మన తల్లులకు ఈ విద్య ఎవరును నేర్పనక్కరలేదు.

ఇక బేరింగు మాటకు వచ్చుచున్నాను. నా ప్రశ్న అంతయు దానిలోనే యున్నది.

క్రాంకుషాఫ్టు గట్టి ఉక్కు. అది తిరుగుచోట్ల చుట్టును రెండు అర్ధచంద్రాకారపు చిప్పలుండును. వాటి లోపలి ముఖమునకు మెత్తని లోహము పూయబడియుండును. ఇట్టి మెత్తని లోహములలో పేరుపొందినది 1839లో అమెరికావాడైన ఐజాక్ బాబిట్ కనిపెట్టిన తగరపు మిశ్రమము. ఉక్కుకు గట్టిదానినే తోడుగా పెట్టక మెత్తనిదానిని పెట్టుట ఎందుకు? నూనెలో వచ్చిన ఇసుకరేణువు ఎక్కడనో ఒకచోట గ్రుచ్చుకొనవలెను గదా. అది బేరింగులో గ్రుచ్చుకొని క్రాంకును విడిచిపెట్టవలెనని. ఎప్పుడైన నూనె తక్కువైనయెడల మొదట కరగి పోవలసినది బేరింగే గాని క్రాంకు కాదని. అనగా చెడుటకే, ఇతరుల బదులు దెబ్బతినుటకే ఏర్పరచిన భాగమది. ఇంజను విప్పగా అది గీతలుపడి, నల్లబడి, చిరిగి కనబడును. "ఇదిగో, ఇదే చెడినది" అని క్రొత్తది వేసి బిగించువారు అనేకులు. కొన్ని వందల మైళ్లలో ఆ క్రొత్తదియు అట్లే యగును.

చదువ నేర్చినవానికి ఆ పాత చిప్ప ఒక ఉత్తరము. దానినిండ గీతలు, గ్రుచ్చుకొన్న రేణువులు ఉన్నయెడల నూనెలో మురికి వచ్చినది. ఫిల్టరును, గాలి వచ్చు దారిని, క్రిందటిసారి బిగించినవాని చేతి శుభ్రతను విచారింపవలెను. మెత్తని పూత జారిపోయి పులిమినట్లున్నయెడల నూనె అందలేదు. ఒక ప్రక్కనే అంచు అరిగినయెడల రాడ్డు వంగియుండవచ్చును, లేక క్రాంకు ఆ చోట ఏటవాలుగా అరిగియుండవచ్చును. చిన్న చిన్న గుంటలుపడినయెడల పాతబడి పులిసిన నూనె దానిని తినుచుండవచ్చును. ఒక్కచోట మాత్రము మెరుగుగా రాసికొనిపోయి, చిప్ప త్రిప్పి వెనుక చూడగా సరిగా అక్కడనే ఒక మట్టిరవ్వ అంటుకొనియున్నయెడల, తప్పు చిప్పది కాదు, నూనెది కాదు, బండి నడిపినవానిది కాదు; తుడువకుండ బిగించిన చేతిది. లోపల జరిగినది మొదటి దినముననే జరిగినది, బయటపడుటకు కాలము పట్టినది.

వీటన్నిటికంటె ఆలోచింపదగిన సంగతి ఒకటి కలదు. నూనె నడుచు దారి ఎట్టిదనగా, పంపునుండి ఫిల్టరుకు, అక్కడనుండి మెయిన్ బేరింగులకు, వాటినుండి క్రాంకులో తొలిచిన సన్నని దారులగుండ కనెక్టింగు రాడ్డుల బేరింగులకు పోవును. రాడ్డు బేరింగునకు స్వంత దారి లేదు. మెయిన్ బేరింగు అందించినదే అది త్రాగవలెను. ఆ రెండు లోహముల మధ్య సందు అంగుళములో వెయ్యవ వంతునుండి రెండున్నర వంతుల వరకు మాత్రమే. తలవెండ్రుక అందులో దూరుట కష్టము. మెయిన్ బేరింగు అరిగి సందు పెద్దదైనయెడల నూనె అక్కడనే ప్రక్కలకు కారిపోవును, ముందుకు పోవలసినంత పోదు. మెయిన్ బేరింగు తాను నూనెలో మునిగియుండి చప్పుడు చేయక తిరుగుచుండును. ఎండిపోయి, కరగి, టకటక కొట్టుకొని, బండిని నడిరోడ్డున నిలిపివేయునది మూడవ రాడ్డు బేరింగు. అందరును దానినే నిందింతురు. తనకు వచ్చినది తనయొద్దనే కార్చివేసినదానిని ఎవరును విప్పి చూడరు.

ఇంటింటను, సంఘము సంఘమునను ఇట్టి మూడవ బేరింగులు లేవా? తండ్రి గౌరవస్థుడు, సంఘ పెద్ద, ఆరాధనలో ముందు వరుస, కుమారుడు చెడిపోయెను. పొలములో కూలి చేసినవాడు దినమెల్ల ఎండలో నిలిచి, సాయంకాలమున చేతికి రావలసిన డబ్బు రాక, అప్పు పుట్టక, సారాయి దుకాణమువైపు నడిచెను; డబ్బు ఆపినవాడు నెమ్మదిగా నిద్రించెను. వీటిలో ఎవడు చెడెనో ఊరందరికి తెలియును. ఎక్కడ కారిపోయినదో ఎవరు చూచిరి?

ఇక్కడ ఒకరు లేచి, "అయ్యా, అట్లయిన ఎవడును దోషి కాడు. ప్రతివాడును వేరొకనిమీద వేసి తప్పించుకొనును" అని చెప్పవచ్చును. ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. ఏదెనులో ఆదాము హవ్వమీదను, హవ్వ సర్పముమీదను వేసిన దినమునుండి మనకు ఆ దారి బాగుగా తెలియును. కాని మేస్త్రీ చేయు పనిని సరిగా చూడుడి. హేతువు మెయిన్ బేరింగులో దొరికినదని అతడు కరగిన రాడ్డు బేరింగును మెరుగుపెట్టి మరల బిగించునా? బిగించడు. అది పోవలసినదే. క్రాంకుమీద అది చేసిన గీతలనుకూడ లేత్ మిషనుమీద అరగదీసి, అంగుళములో వెయ్యింట పదియో ఇరువదియో వంతులు తగ్గించి, ఆ కొలతకు సరిపడు లావు చిప్పలు వేయవలెను. చెడినది చెడినదే. వెదకుటవలన దోషము మాసిపోదు, దాని చోటు సరిగా తెలియును. కొన్నిసార్లు వెదకుచు పోగా అది బండి నడిపినవానియొద్దనే తేలును. నూనె ఒత్తిడి పడిపోయినదని ఎదుట హెచ్చరిక కనబడుచున్నను, "ఊరు ఇంక నాలుగు మైళ్లే గదా" అని పోనిచ్చినవాడు ఏ యంత్రముమీదను నెపము వేయజాలడు.

మరియొకటి. మనుష్యుడు లోహపు చిప్ప కాడు. చిప్పమీది గీత అబద్ధమాడదు గాని చిప్ప పశ్చాత్తాపపడదు, మరల బాగుపడదు. మనుష్యుడు తన్ను గూర్చి అబద్ధమాడగలడు, నిజమును చెప్పగలడు, మరలను గలడు. కాబట్టి ఈ ఉపమానము ఇంతవరకే మనతో నడుచును. దీనిని లాగి తెంపనక్కరలేదు.

పరిశుద్ధ గ్రంథములో ఈ ప్రశ్న ఒక్క రీతిగానే విడువబడలేదని గమనించుడి. యోబు స్నేహితులు అతని పుండ్లను చూచి అతని పాపమును లెక్కకట్టిరి, వారు తప్పిరి. సిలోయము గోపురము పడి చచ్చిన పదునెనిమిదిమంది మిగిలినవారికంటె అపరాధులు కారని ప్రభువు చెప్పి, అడిగినవారినే తమ్మును చూచుకొనుమనెను. పుట్టు గ్రుడ్డివాని విషయములో, ఎవడు పాపము చేసెనన్న శిష్యుల ప్రశ్ననే ఆయన త్రోసివేసెను. అయితే హాయియొద్ద ఇశ్రాయేలీయులు ఓడిపోయి ముప్పదియారుగురు చచ్చినప్పుడు, హేతువు వెదకవద్దని దేవుడు చెప్పలేదు. నేలమీద పడియున్న యెహోషువను లేవుమని, గోత్రము వెంబడి గోత్రము, వంశము వెంబడి వంశము, ఇల్లు వెంబడి ఇల్లు విచారింపజేసెను. చచ్చినవారు దోషులు కారు. దోషము వారికి దూరముగా ఆకాను డేరాలో, నేలక్రింద పాతిపెట్టబడియుండెను. ఆ విచారణ తుదకు ఎంత భయంకరముగా ముగిసెనో మనకు తెలియును. నేను చూపునది విచారణ నడిచిన వరుసను మాత్రమే. ఓటమి ఎక్కడ కనబడెనో అక్కడనే అది ఆగిపోలేదు.

ఇప్పుడు మేస్త్రీకి వచ్చు శోధనను గూర్చి కొంచెము చెప్పవలెను. ఏలయనగా లోపలి చెడుగును చూచినవానికి చూడనివానికి లేని భారము కలుగును. టాక్సీ నడుపు బీదవాడు బండి తెచ్చి, "మేస్త్రిగారూ, నా దగ్గరున్నది ఇంతే. రింగులేసి ఎట్లాగో నడిచేటట్టు చేసి పంపండి" అనును. విప్పి చూడగా గోడలు అండాకారముగా అరిగినవి, క్రాంకు గీతలుపడినది. ఉన్న డబ్బుకు అది కుదరదు. మందపు నూనె పోసి చప్పుడు అణచవచ్చును. బేరింగు టోపీ అంచులను ఆకురాయితో రాచి సందు తగ్గించవచ్చును. చిప్ప క్రింద రేకుముక్క పెట్టవచ్చును. నెలదినములు బండి నిశ్శబ్దముగా నడుచును. యెహెజ్కేలు చెప్పిన గచ్చుపూత గోడ ఇటువంటిదే. గోడ బలము పెరగలేదు, చూచువారి భయము మాత్రము పోయెను.

అయితే డబ్బు లేనివానికి పూర్తి మరమ్మతు చేయనియెడల మేస్త్రీ పాపము చేసినట్లా? కాదని నా అభిప్రాయము. పూర్తిగా బాగుచేయుట ఒక ఋణము, ఉన్నది ఉన్నట్లు చెప్పుట మరియొక ఋణము. మొదటిది శక్తినిబట్టి, రెండవది ఎల్లప్పుడును. "అన్నా, లోపల ఇట్లా ఉంది. నీ డబ్బుకు ఇంతవరకే అవుతుంది. బరువెయ్యకు, దూరం పోకు, నూనె రోజూ చూసుకో, పంట చేతికొచ్చినాక మళ్లీ తీసుకురా" అని చెప్పి, అరిగిన చిప్పను అతని చేతిలో పెట్టి చూపి, చేయగలిగినంత శుద్ధముగా చేసి పంపినవాడు మోసగాడు కాడు. దీనికి ఒక హద్దు కలదు. బ్రేకుల విషయములో, స్టీరింగు విషయములో ఈ సడలింపు చెల్లదు. అక్కడ ప్రమాదము డబ్బు లేని యజమానునికి మాత్రమే కాదు, ఏమియు తెలియక వెనుక కూర్చుండువారికిని ఎదుట వచ్చువారికిని కూడ. కాపరులును పెద్దలును ఒకని రహస్యము విని, దానిని కప్పవలెనా బయటపెట్టవలెనా అని తల్లడిల్లునప్పుడు, "వెనుక ఎవరు కూర్చున్నారు?" అని అడుగుట మేలు.

విప్పుటను గూర్చి ఇంత చెప్పిన తరువాత విప్పకుండుటను గూర్చియు చెప్పకపోయిన అన్యాయమగును. ఒత్తిడి సరిగానున్న, నూనె త్రాగని, చప్పుడు చేయని ఇంజనును ఉబలాటముకొద్దీ విప్పరాదు. కలిసిమెలిసి అరిగి ఒకదానికొకటి అమరిన భాగములు విడదీయబడి మరల అట్లే కూర్చుండవు. అరుగుదల యున్నంతమాత్రమున అది జబ్బు కాదు. ఎంతవరకు సహింపవచ్చునో తయారుచేసినవారే పుస్తకములో వ్రాసియుంచిరి. అసలు సందే లేకుండ బిగించిన బేరింగు నూనెకు చోటులేక పట్టుకొనిపోవును. తమ మనస్సాక్షిని ప్రతిదినము ముక్కలుగా విప్పి ఎన్నడును మరల బిగింపలేని భక్తులను, ఇతరుల కాపురములను అడుగకుండ విప్పబోవు పెద్దమనుష్యులను చదువరులు ఎరిగియే యుందురు. వారికి కొలతగేజి ఒకటి కావలెను.

విజయవాడ ఆటోనగరులోనైనను, చిన్న ఊరి రోడ్డుప్రక్క షెడ్డులోనైనను, నమ్మకముగల మేస్త్రీ క్రాంకు అరగదీయించి తెచ్చిన తరువాత చేయు ఒక పని బయటివారికి అనవసరముగా కనబడును. లేత్ మిషనునుండి వచ్చిన క్రాంకు అద్దమువలె మెరయుచుండును. అతడు దానిని వెంటనే బిగింపక, లోపలి నూనెదారులలో సన్నని కమ్మితోను బ్రష్షుతోను పొడిచి, కిరసనాయిలు పోసి, గాలికొట్టి, మరల కడుగును. సానరాతిపొడి ఆ దారులలో దాగియుండును. అక్కడ మిగిలిన చిటికెడు పొడి క్రొత్త బేరింగులన్నిటిని మొదటి గంటలోనే గీచివేయగలదు. పిమ్మట ఇంజను బిగించి, కొన్ని వందల మైళ్లు మెల్లగా నడిపించి, నూనె మార్పించి, పాత ఫిల్టరును కోసి, దాని మడతలను వెలుతురులో విప్పి చూచును. రాగిరంగు పొడి కనబడునేమో, అయస్కాంతమునకు ఇనుపరజను అంటునేమో అని. ఏమియు లేనియెడల చేతులు తుడుచుకొని, వరుస తప్పకుండ గుడ్డలో చుట్టి దాచిన పాత చిప్పలను యజమానుని చేతికిచ్చును. అతడు వాటిని అటు ఇటు త్రిప్పి, "అన్నీ బాగానే ఉన్నాయి గదా మేస్త్రిగారూ, ఈ మూడోది ఒక్కటే ఎందుకు ఇట్లా అయింది?" అని అడుగును. అప్పుడు మేస్త్రీ పీట జరిపి అతనిని కూర్చుండబెట్టి, మెయిన్ బేరింగు చిప్పను తీసి చూపనారంభించును.